కొలువుల మేళాకు ముందు సెలవుల మాట

ప్రశ్న: మాది ఉట్నూరు ఏజెన్సీ. మా యువజన సంఘంలో గోండు, కొలాం, పర్ధాన్ పిల్లలం ఇరవై మందిమి ఉన్నాం. ఏటా ఎక్కడో ఒకచోట జాబ్ మేళా జరుగుతుంది. బస్సులో తీసుకెళ్తారు, ఆఫర్ లెటర్ చేతిలో పెట్టి ఫొటో దిగుతారు. హైదరాబాద్ వెళ్ళినవాళ్ళలో చాలామంది దీపావళికి ఇంటికొచ్చి మళ్ళీ పోవట్లేదు. కంపెనీలవాళ్ళేమో 'మీవాళ్ళు నిలబడరు' అంటున్నారు. ఈసారి మా సంస్కృతికి తగ్గట్టు మేమే మేళా పెడదామనుకుంటున్నాం. నాగోబా జాతరలో పెడితే జనం బాగా వస్తారని కొందరు, గుస్సాడీ నృత్యంతో మొదలుపెడితే కంపెనీలకు మనమీద గౌరవం పెరుగుతుందని కొందరు అంటున్నారు. ఏది మంచిది? ఎన్ని కంపెనీలను పిలవాలి? ఎక్కడినుంచి మొదలుపెట్టాలి?
(ఒక పాఠకుడు, ఆదిలాబాద్ జిల్లా)

జవాబు: 'దీపావళికి వచ్చి మళ్ళీ పోవట్లేదు' అన్న మీ మాట దగ్గరే మొదలుపెడదాం. మీవాళ్ళు వచ్చేది దండారికి, అంటే దీపావళి వేళ రోజుల తరబడి జరిగే మీ పండుగకు. కంపెనీ క్యాలెండర్‌లో ఉన్నది దీపావళి, ఒక్క రోజు. ఈ రెంటి మధ్య తేడాను ఎవరూ ముందుగా మాట్లాడి ఉంచలేదు. పిల్లవాడు సూపర్‌వైజర్‌ను వారం సెలవడుగుతాడు, కాదంటారు. చెప్పకుండా బయల్దేరతాడు. దండారిని ముగించే కొలబోడి అయ్యాక తిరిగి పోదామంటే హాజరు పట్టీలో పేరు తీసేసి ఉంటుంది, గేటు దగ్గర కార్డు పనిచేయదు. పని చేసిన రోజుల జీతం కూడా ఇరుక్కుపోతుంది. ఇక ఇంట్లోనే ఉండి పత్తి ఏరుకుంటాడు. కంపెనీ 'నిలబడరు' అని రాసుకుంటుంది.

చట్టం కూడా ఇక్కడ అతని పక్కన లేదు. పాత ఫ్యాక్టరీల చట్టం ప్రకారం ఏడాదిలో 240 రోజులు పనిచేసినవాళ్ళకే జీతంతో కూడిన సెలవు, అదీ 20 రోజుల పనికి ఒక రోజు చొప్పున. కొత్త లేబర్ కోడ్‌లో దాన్ని 180 రోజులకు తగ్గించారు. ఏప్రిల్‌లో చేరినవాడికి నెలకు 26 హాజరీలు వేసుకున్నా అక్టోబరు చివరికి 180 నిండటమే కష్టం. అంటే మొదటి దండారి నాటికి అతని ఖాతాలో సెలవు సున్నా. సంస్కృతికి తగ్గ మేళా అంటే అన్నిటికన్నా ముందు ఈ సెలవు సంగతి తేల్చే మేళా. డోలు, తుడుం, కాలికోం వాద్యాలు ఆ తర్వాతి మాట.

గుస్సాడీ విషయంలో మా అభిప్రాయం సూటిగా చెబుతాం: వద్దు. నెమలి ఈకల టోపీ పెట్టుకున్నవాడు దీక్షలో ఉన్నవాడని, దండారి ముగిసేదాకా స్నానం కూడా చేయడని మీకు మేం చెప్పనక్కర్లేదు. అది దండారి రోజుల్లో దేవుడి ముందు జరిగేది. ఫిబ్రవరిలోనో సెప్టెంబరులోనో హెచ్‌ఆర్ మేనేజర్లకు స్వాగతం పలకడానికి దాన్ని వేదిక ఎక్కిస్తే మీ పెద్దలకే నచ్చదు. వాళ్ళ మద్దతు లేకుండా మీ మేళా ఒక్క అడుగు కదలదు. పైగా నృత్యం చూసి చప్పట్లు కొట్టిన మేనేజరే మధ్యాహ్నం ఇంటర్వ్యూలో 'తెలుగు సరిగా రాదా?' అని అడుగుతాడు. చప్పట్లకూ ఉద్యోగానికీ లంకె లేదు.

నాగోబా జాతర సంగతి కొంచెం వేరు. అక్కడికి అందరూ వస్తారన్నది నిజమే. కానీ పుష్య అమావాస్య రాత్రి మహాపూజ, కొత్త కోడళ్ళను దేవుడికి పరిచయం చేసే భేటింగ్, వచ్చిన చుట్టాలు, చలి, ధూళి. ఇంత సందడిలో పదో తరగతి మెమో తెచ్చుకుని ఇంటర్వ్యూకు ఎవరు కూర్చుంటారు? జాతర జరిపించే మెస్రం వంశీయులైతే గోదావరి జలం కోసం నడిచిన అలసటలో ఉంటారు. జాతరను పేర్లు రాసుకోవడానికి మాత్రం వాడుకోండి. మెస్రం పెద్దలతో, ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ)తో ముందే మాట్లాడి, ఒక బల్ల, రెండు రిజిస్టర్లు, గోండి, కొలామి మాట్లాడే ఇద్దరు మనుషులు. అంతే.

జాతర నుంచి తీసుకోవలసింది మరొకటి ఉంది: దర్బారు. కుమ్రం భీం మరణం తర్వాత, 1940ల్లో, మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ చొరవతో, జాతర జరిగే కేస్లాపూర్‌లో మొదలైన పద్ధతి అది. అధికారులు జనం దగ్గరికే వచ్చి కూర్చుని వినాలి, జనం అడగాలి. మామూలు జాబ్ మేళాలో కంపెనీ అడుగుతుంది, పిల్లవాడు తల వంచుకుని జవాబిస్తాడు. మీ మేళాలో మొదటి గంట కంపెనీ జవాబు చెప్పాలి. దీనికి కొత్తగా ఏమీ కనిపెట్టనక్కర్లేదు, మీ జనానికి అలవాటైన రూపమే.

తేదీ ఎప్పుడు? జూన్, జూలైలలో విత్తనాలు. దసరా దాటితే దండారి. ఆశ్వయుజ పౌర్ణమికి జోడేఘాట్‌లో కుమ్రం భీం వర్ధంతి. నవంబరు నుంచి జనవరి దాకా పత్తి. పుష్యమాసం మొత్తం దేవుళ్ళది. మార్చి చివర ఇప్పపువ్వు, ఆ వెనకే తునికాకు. మిగిలినవి రెండు సందులు: నాగోబా ముగిశాక ఫిబ్రవరి రెండో వారం నుంచి మార్చి మొదటి వారం వరకు, మళ్ళీ ఆగస్టు మూడో వారం నుంచి సెప్టెంబరు మధ్య వరకు. మొదటిసారి పెట్టేవాళ్ళు ఫిబ్రవరి పట్టుకోండి. పత్తి డబ్బు చేతిలో ఉంటుంది, అది ఎందుకు ముఖ్యమో కింద చెబుతాం. ఆగస్టు 9న ఆదివాసీ దినోత్సవం నాడే పెడదామనే ఆలోచన కూడా వస్తుంది. ఆ రోజు ర్యాలీలు, సభలు ఉంటాయి, నాయకులు వస్తారు. మేళా అందులో మునిగిపోతుంది.

తయారీకి పది వారాలు కావాలి. తక్కువలో అవుతుందనుకోకండి.

మొదటి మూడు వారాలు ఊళ్ళు తిరగడానికే. రాయిసెంటర్ (గోండు పెద్దల సభ)లో దాని పెద్ద అయిన సార్‌మెడికి, తర్వాత ఊరి పటేల్‌కు, పూజలు చేసే దేవారికి విషయం చెప్పి మొదలుపెట్టండి. ఇరవై మంది సంఘ సభ్యులు తలా రెండు మూడు గూడేలు పంచుకుంటే 50 ఊళ్ళు అందుతాయి. గోండు ఊళ్ళు రోడ్డు పక్కన ఉంటాయి కాబట్టి జాబితా గోండులతోనే నిండిపోతుంది. గుట్టమీది కొలాం గూడేలకు, తోటి, నాయక్‌పోడ్ ఇళ్ళకు విడిగా ఒక రోజు కేటాయించుకోకపోతే వాళ్ళు లెక్కలోకే రారు. జాబితాలో పేరు, చదువు మాత్రమే రాస్తే ఉపయోగం లేదు. ఎంత దూరం పోగలరు, రాత్రి షిఫ్టు చేస్తారా, ఇంట్లో ఎవరు ఒప్పుకోవాలి, ఏ వంశం, ఇంతకుముందు వెళ్ళి వచ్చారా, వస్తే ఎందుకు వచ్చారు, ఇవన్నీ కావాలి. వంశం ఎందుకంటారా? సెలవుల బేరం దానిమీదే నడుస్తుంది.

బీఈడీ, డీఈడీ చేసినవాళ్ళను విడి జాబితాలో పెట్టండి. షెడ్యూల్డ్ ప్రాంతంలో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇచ్చిన 2000 నాటి జీవో 3ను సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్‌లో కొట్టేసింది. ఆ ఆశతో చదివినవాళ్ళను గోదాములో ప్యాకింగ్ బల్ల ముందు నిలబెడితే అవమానపడతారు, మేళా మీద చెడ్డమాట కూడా పడుతుంది. ప్రైవేటు పాఠశాలలు, శిక్షణ కేంద్రాలు, సర్వే, డేటా పనులు దొరికితేనే వాళ్ళను పిలవండి. లేకపోతే లేదని చెప్పేయడం మర్యాద.

ఊళ్ళు తిరిగేటప్పుడే కాగితాలు చూసేయాలి. ఏజెన్సీలో అన్నిటికన్నా ఎక్కువగా చెడేది ఇంటిపేరు. ఆధార్‌లో కుమ్ర, మెమోలో కుమ్రం, బ్యాంకులో కొమురం. మెస్రం, మేస్రాం కూడా అంతే. చేరేటప్పుడు ఎవరూ పట్టించుకోరు. ఏడాది తర్వాత పీఎఫ్ తీసుకోబోతే దరఖాస్తు తిరిగొస్తుంది. పదో తరగతి మెమోలో ఉన్నదాన్ని ఆధారంగా పెట్టుకుని ఆధార్, ఆ తర్వాత బ్యాంకు, ఈ వరుసలో సరిచేయించండి. వరుస తప్పితే రెండుసార్లు తిరగాలి. కుల, నివాస ధ్రువపత్రాలకు మీసేవలో ముందే పెట్టించండి. జీరో బ్యాలెన్స్ ఖాతా రెండేళ్ళు కదలకపోతే పనిచేయని ఖాతాల్లో పడిపోతుంది, కాబట్టి ఒక్క వంద రూపాయలు వేసి తీయించి చూడండి. ఈ పనికి మూడు వారాలు ఎందుకన్నామో ఇప్పుడు అర్థమై ఉంటుంది.

నాలుగో వారం నుంచి కంపెనీల వంతు. 60 కంపెనీలు వచ్చాయని ఫ్లెక్సీ మీద రాసుకోవడం సులువు. వాటిలో సగం శిక్షణ సంస్థలో, మనుషులను సరఫరా చేసే కన్సల్టెన్సీలో అయి ఉంటాయి. శిక్షణ తప్పేమీ కాదు. గ్రామీణ యువతకోసం నడిచే కేంద్ర శిక్షణ పథకం డీడీయూ-జీకేవైలో మామూలుగా 35 ఏళ్ళ వరకే చేర్చుకుంటారు, కొలాం, తోటి లాంటి ఆదిమ తెగలవారికి, మహిళలకు 45 వరకు వీలుంది. కానీ శిక్షణ బల్ల వేరు, ఉద్యోగం బల్ల వేరు. రెంటినీ కలిపితే 'జాబ్ వచ్చింది' అని ఇంట్లో చెప్పి వెళ్ళినవాడు మూడు నెలలు తరగతిలో కూర్చుంటాడు.

మీకు కావలసింది ఆరు నుంచి ఎనిమిది నిజమైన యజమానులు, 150 నుంచి 180 మంది అభ్యర్థులు. లెక్క ఇలా వస్తుంది: ఒక్కొక్కరికి 10 నిమిషాలు, మధ్యాహ్నం భోజనం పోగా నాలుగున్నర గంటలు, అంటే ఒక బల్ల దగ్గర 27 మంది. ఏడు బల్లలకు 189. అంతకుమించి పిలిస్తే చివరి 100 మంది చూడకుండానే తిరిగిపోతారు, వచ్చే ఏడు రారు. సగం కొలువులైనా ఇంటినుంచి రెండు మూడు గంటల దూరంలో ఉండాలి. మంచిర్యాల, నిర్మల్, ఆదిలాబాద్‌లలో ఆసుపత్రులు, షోరూములు ఉన్నాయి. దేవాపూర్ సిమెంటు, కాగజ్‌నగర్ కాగితం మిల్లు, సింగరేణి చుట్టుపక్కల పనులు ఉన్నాయి. 30 మంది గానీ అంతకుమించి గానీ పనిచేసే సంస్థ ఏదైనా అప్రెంటిస్ చట్టం కింద తన సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం మేర అప్రెంటిస్‌లను పెట్టుకోవాలి. వాళ్ళ స్టైపెండ్‌లో 25 శాతం, నెలకు గరిష్ఠంగా రూ.1,500 కేంద్రం భరిస్తుంది. ఐటీఐ పిల్లల జాబితా పట్టుకుని వెళ్ళి ఈ మాటతో మొదలుపెడితే ఫ్యాక్టరీ తలుపు త్వరగా తెరుచుకుంటుంది.

పిల్లనిచ్చే ముందు ఇల్లు చూసి వస్తాం కదా. కొలువుకూ అంతే. మేళాకు ముందు ప్రతి సంస్థకూ ముగ్గురు వెళ్ళండి: సంఘం నుంచి ఒకరు, ఊరి పెద్ద ఒకరు, ఆడపిల్లలను తీసుకునే చోటైతే తప్పకుండా ఒక తల్లి. పనిచేసే చోటు, హాస్టల్ గది, మరుగుదొడ్డి, క్యాంటీన్ పళ్ళెం, రాత్రి షిఫ్టు దింపే బండి, అన్నీ కంటితో చూడాలి. పదిమంది గానీ అంతకుమించి గానీ పనిచేసే చోట లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీ ఉండాలని 2013 చట్టం చెబుతుంది. ఆ కమిటీ సభ్యుల పేర్లు గోడమీద ఉన్నాయో లేదో చూడండి. ఆ తల్లి తిరిగొచ్చి సంతలో చెప్పే నాలుగు మాటల ముందు మీ కరపత్రాలు ఏ మూలకూ రావు.

సెలవుల బేరం ఈ ప్రయాణంలోనే తేల్చుకోవాలి, మేళా రోజున కాదు. 'మా అందరికీ పండుగలకు సెలవు కావాలి' అంటే ఏ మేనేజరైనా బెదిరిపోతాడు, లైన్ ఆగిపోతుందనుకుంటాడు. వంశాలవారీగా విడదీసి చూపించండి. పుష్య పౌర్ణమికి నార్నూర్ ఖాందేవ్ జాతర తొడసం వాళ్ళకు తప్పనిసరి. పుష్య అమావాస్యకు నాగోబా మెస్రం వాళ్ళకు తప్పనిసరి. పదిహేను రోజుల తేడా. పన్నెండు మంది పిల్లల్లో ఒక్కో జాతరకు కదిలేది ముగ్గురో నలుగురో. దండారి మాత్రం అందరిదీ. దానికి రెండు బ్యాచ్‌లు వేయండి, మొదటి సగం దండారి మొదలయ్యే భోగికి, రెండో సగం కొలబోడికి. బదులుగా సంక్రాంతి, ఉగాది, రంజాన్, క్రిస్మస్ రోజుల్లో మీవాళ్ళు డ్యూటీ చేస్తారని చెప్పండి. ఆ రోజుల్లో మనుషులు దొరక్క అల్లాడే సంస్థకు ఇది లాభసాటి బేరమే.

రాయించుకోవలసిన మాటలు మూడు. దండారికి నాలుగు రోజులు, పుష్యమాసంలో మూడు రోజులు, జీతం లేకపోయినా సరే, గైర్హాజరుగా రాయకూడదు. దగ్గరివాళ్ళు చనిపోతే ఫోన్‌లో చెప్పి వెళ్ళొచ్చు, పది రోజుల్లో తిరిగొస్తే కొలువు ఉంటుంది. ఒకే ప్రాంతం పిల్లలు కనీసం నలుగురిని ఒకే యూనిట్‌లో, ఒకే షిఫ్టులో వేయాలి. ఈ మూడూ సంస్థ లెటర్‌హెడ్ మీద, సంతకంతో కావాలి. నోటిమాట ఇచ్చిన మేనేజర్ ఆరు నెలల్లో బదిలీ అయిపోతాడు. ఒప్పుకోని కంపెనీని మేళాకు పిలవకండి, ఎంత పెద్ద పేరైనా.

ఇక మేళా రోజు. ఉట్నూరు కేబీ (కుమ్రం భీం) కాంప్లెక్స్‌లోనో, బస్సు అందే ఆశ్రమ పాఠశాలలోనో పెట్టుకోండి. ఆడపిల్లలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్టు ఖర్చు లేదు కాబట్టి మీరు ప్రయాణ ఖర్చు పెట్టుకోవలసింది మగపిల్లలకే. వేదిక కట్టకండి. కుర్చీలు వలయంగా వేయండి, పెద్దలు, కంపెనీలవాళ్ళు ఒకే ఎత్తులో. జోహార్లు, దేవారి మాట, సార్‌మెడి మాట, అన్నీ కలిపి 20 నిమిషాలు. నాయకుల ప్రసంగాలు పెట్టుకుంటే సాయంత్రం ఐదింటికి, కంపెనీ కార్లు వెళ్ళిపోతున్నప్పుడు పెట్టుకోండి.

తర్వాత దర్బారు. ఒక్కో సంస్థ మూడు నిమిషాల్లో నాలుగే చెప్పాలి: ఏం పని, ఎక్కడ, చేతికొచ్చేది ఎంత, సెలవులు ఎలా. మీవాళ్ళు దాన్ని గోండిలోకి, కొలామిలోకి, అవసరమైతే మరాఠీలోకి మార్చి చెప్పాలి. ఆపై పెద్దలు, తల్లిదండ్రులు అడుగుతారు. 'చేతికొచ్చేది' అన్న మాటను పట్టుకుని వదలకండి. కంపెనీ నెలకు 16,275 అంటుంది. అందులో దాని వంతు పీఎఫ్, ఈఎస్‌ఐ రూ.2,275 కలిపే ఉంటాయి. జీతం 14,000. దానిలోంచి పిల్లవాడి వంతు పీఎఫ్ 12 శాతం అంటే 1,680, ఈఎస్‌ఐ 0.75 శాతం అంటే 105 పోతే 12,215. గది అద్దెలో వాటా 2,000, తిండి 3,500 అనుకుంటే మిగిలేది 6,715. ఈ లెక్క నల్లబల్ల మీద అందరి ముందు వేయండి. ఆ 6,715 విని 'ఇంతేనా' అని లేచిపోయేవాళ్ళు అక్కడే లేచిపోవడం మంచిది. మొదటి జీతం రోజున లేచిపోతే అందరికీ నష్టం.

ఇంటర్వ్యూ గదిలో రెండు సంగతులు ముందే కంపెనీకి చెప్పండి. అభ్యర్థిని 'మీరు' అనాలి. ఒక్క మాటలో జవాబిచ్చి ఊరుకుంటే ఆసక్తి లేదని రాసుకోకూడదు. పెద్దల ముందు మాట తగ్గించడం అక్కడి మర్యాద. 'మీ గురించి చెప్పండి' అనే ప్రశ్న తీసేసి, పని చేయించి చూడమనండి. సరుకు లెక్కపెట్టడం, కొలత తీయడం, బిల్లు చదవడం, ఏది ఆ ఉద్యోగానికి పనికొస్తే అది. ఒరిజినల్ మెమోలు చూపించి తిరిగి తీసుకోవాలి, ఎవరి దగ్గరా వదలకూడదు. ఒరిజినల్స్ ఉంచుకుంటామన్నా, 'రిజిస్ట్రేషన్‌కు వెయ్యి' అన్నా ఆ బల్ల అప్పుడే ఎత్తేయించండి.

వైద్య పరీక్ష ఉంటే ఒక జాగ్రత్త. సికిల్‌సెల్ (వంశపారంపర్యంగా వచ్చే రక్త జబ్బు) కార్డు ఉన్నవాళ్ళు దాచకుండా, ఏఎన్‌ఎం సలహాతో పని ఎంచుకోవాలి. వాహకులకు, జబ్బు ఉన్నవాళ్ళకు తేడా ఉంది. వాహకుడని చెప్పి కొలువు నిరాకరించడం అన్యాయం. జబ్బు ఉన్నవాళ్ళకు మాత్రం కోల్డ్ స్టోరేజీ చలి, ఎండలో నీళ్ళు దొరకని పని నొప్పులు తెప్పిస్తాయి.

సాయంత్రం ఎంపికైనవాళ్ళ పేరు, సంస్థ, చేరే తేదీ వలయంలో గట్టిగా చదవండి. చేరే తేదీ 15 రోజుల్లోపే ఉండాలి. 'కబురు చేస్తాం' అన్నదాన్ని ఎంపిక కింద చదవకండి. సిగ్నల్ లేని ఊరికి వాట్సాప్‌లో ఆఫర్ లెటర్ పంపితే అది ఎవరికీ చేరదు. కాగితం అచ్చు వేసి ఇవ్వాలి, కబురు అందుకునే మనిషి పేరు, కిరాణా కొట్టువాడైనా ఆశ కార్యకర్తయినా, కంపెనీ ఫైల్లో ఉండాలి.

చేరాక మొదటి 40 రోజులు డబ్బుదే బాధ. నెల నిండాక ఇంకో వారానికి గానీ జీతం పడదు. పై లెక్క ప్రకారమే తిండికి, గదికి, దారిఖర్చుకు ఏడు వేలైనా చేతిలో ఉండాలి. లేనివాడు పన్నెండో రోజున అప్పు చేస్తాడు, ఇరవయ్యో రోజున బస్సెక్కుతాడు. ఫిబ్రవరి అన్నది ఇందుకే, పత్తి పైసలు ఇంట్లో ఉంటాయి. అవీ లేనివాళ్ళకు తల్లి మహిళా సంఘం నుంచి చిన్న అప్పు, లేదా మొదటి నెల వారానికొకసారి అడ్వాన్సు ఇచ్చేలా కంపెనీతో మాట.

మీ సంఘంలో ఇద్దరికి ఇక ఫోన్లే పని: చేరిన రోజు, మూడో రోజు, పదో రోజు, మొదటి జీతం రోజు, 45వ రోజు, 90వ రోజు. 'బాగున్నావా' అంటే 'బాగున్నా' అంటాడు. ఏం తిన్నావు, ఏ షిఫ్టు, గదిలో ఎంతమంది, జీతం ఎంత పడింది, ఇలా అడగండి. తిరిగొచ్చినవాళ్ళ కారణం రిజిస్టర్‌లో వాళ్ళ మాటల్లోనే రాయండి. మీ మేళా లెక్క ఆఫర్ లెటర్లతో కాదు, 90వ రోజున పనిలో ఉన్నవాళ్ళతో వేసుకోండి. ఆ సంఖ్య చిన్నదిగానే ఉంటుంది. కంపెనీతో రెండో ఏడు మాట్లాడేటప్పుడు మీ చేతిలో ఉండే బలం మాత్రం అదే.

ఇక సెప్టెంబరు మొదటి వారంలో ప్రతి సంస్థకూ ఆ ఏటి భోగి, కొలబోడి తేదీలు, ఏ బ్యాచ్‌లో ఎవరెవరు వస్తారో పేర్లు రాసి పంపండి. ఈ తేదీలు ఏటా మారతాయి, హెచ్‌ఆర్ బల్లమీది క్యాలెండర్‌లో ఉండవు.